స్లైడ్ జారొచ్చు, శ్రుతి జారకూడదు: బానీ రెయిట్ పాటలపై పాఠకుల ప్రశ్నలు

అమెరికన్ బ్లూస్-రాక్ గాయని, గిటారిస్టు బానీ రెయిట్ గురించి ఒడిశా సరిహద్దు జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్ర: 2023లో ఆవిడకి గ్రామీ వచ్చిందని విన్నాకే పేరు తెలిసింది. యాభై ఏళ్ళుగా పాడుతున్నారట కదా. ఎక్కడ మొదలుపెట్టి వినాలి? (బరంపురం)

జ: వరస ప్రకారం మాత్రం వెళ్ళొద్దు. ముందు 'నిక్ ఆఫ్ టైమ్' (1989) ఆల్బమ్, దాని వెంటే 'లక్ ఆఫ్ ద డ్రా' (1991) వినండి. గొంతు చెవికి పట్టాక వెనక్కి వెళ్ళి 'గివ్ ఇట్ అప్' (1972) అందుకోండి. 1986 నాటి 'నైన్ లైవ్స్'ని చివరికి ఉంచుకోండి. ఆ కాలపు స్టూడియో హంగులు ఆవిడ గొంతుకి నప్పలేదు.

బానీ 1949లో కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్‌లో పుట్టారు. తండ్రి జాన్ రెయిట్ బ్రాడ్‌వే సంగీత నాటకాల్లో పెద్ద గాయకుడు. కూతురు ఆ దారి పట్టకుండా మిసిసిపీ ఫ్రెడ్ మెక్‌డవెల్, సిప్పీ వాలెస్ లాంటి బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ళ సంగీతం) పెద్దల దగ్గర చేరి నేర్చుకున్నారు. 1971 నాటి తొలి ఆల్బమ్‌ని మిన్నెసోటాలో ఖాళీగా పడున్న ఒక వేసవి శిబిరంలో, నాలుగు ట్రాకుల యంత్రం మీద రికార్డు చేశారు. అతుకులు వేసే వీలు తక్కువ. అందుకే అంతా ఒకే గదిలో కూర్చుని వాయించినట్టు వినిపిస్తుంది.

ఆ దశాబ్దమంతా మెచ్చుకున్నవాళ్ళు ఎక్కువ, కొన్నవాళ్ళు తక్కువ. 1977లో కాస్త పేరు తెచ్చిన 'రన్అవే' పాట కూడా బిల్‌బోర్డ్ పట్టికలో 57 దగ్గరే ఆగింది. 1983లో వార్నర్ బ్రదర్స్ కంపెనీ ఆవిడని వదులుకుంది. ఆ తర్వాత తాగుడు మానేసి, క్యాపిటల్ కంపెనీకి, డాన్ వాజ్ నిర్మాతగా చేసిన ఆల్బమే 'నిక్ ఆఫ్ టైమ్'. 1990 గ్రామీల్లో దానికి మూడు, జాన్ లీ హుకర్‌తో పాడిన యుగళగీతానికి ఒకటి వచ్చాయి. ఆల్బమ్ మొదటి స్థానానికి ఎక్కింది ఆ బహుమతుల తర్వాతే.

ప్ర: ఆవిడ వాయించడం విని స్టీలు స్లైడ్ (వేలికి తొడిగి తీగల మీద జార్చే గొట్టం) కొన్నాను. నాది మామూలు అకూస్టిక్ గిటారు. తీగల మీద ఆనిస్తే గరగరమంటోంది, స్వరం ఎప్పుడూ కాస్త తక్కువే పలుకుతోంది. లోపం స్లైడ్‌దా, గిటారుదా, నాదా? (రాయగడ)

జ: మూడింటిలోనూ కొంత ఉంది. స్వరం తగ్గడం మటుకు చేతి అలవాటు. వేలితో వాయించేటప్పుడు రెండు ఫ్రెట్ల (మెడ మీది అడ్డ కమ్మీల) నడుమ నొక్కుతాం. స్లైడ్‌ని అక్కడే పెడితే తక్కువ పలకక తప్పదు. అది సరిగ్గా ఫ్రెట్ కమ్మీకి పైన, కమ్మీకి సమాంతరంగా ఉండాలి. తీగని తాకాలి, నొక్కకూడదు. పరీక్షకి 12వ ఫ్రెట్ మీద తీగని వేలితో అలా తాకి హార్మోనిక్ (నొక్కకుండా తాకితే వచ్చే గంటలాంటి స్వరం) పలికించండి, వెంటనే అక్కడే స్లైడ్ పెట్టి మీటండి. రెండూ ఒకటిగా వినిపించేదాకా జరపండి. గిటారు మీదికి పక్కవాటుగా చూస్తే కన్ను మోసం చేస్తుంది కాబట్టి చెవినే నమ్మండి.

గరగరకి మొదటి కారణం తీగల ఎత్తు. 12వ ఫ్రెట్ దగ్గర అన్నిటికంటే సన్న తీగకీ కమ్మీకీ మధ్య 2.5 నుంచి 3 మి.మీ. ఉంటే స్లైడ్ కమ్మీలకి తగలదు. తక్కువుంటే నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) మీద తొడిగే ఎత్తైన పట్టీ దొరుకుతుంది. తీసేస్తే గిటారు మళ్ళీ మామూలుగా అయిపోతుంది. మీ ఊళ్ళో లేకపోతే విశాఖలో వాద్యాల దుకాణాల్లో అడగండి. ట్రస్ రాడ్ (మెడ లోపలి లోహపు కడ్డీ) తిప్పి ఎత్తు పెంచే పని పెట్టుకోవద్దు, అది మెడ వంపు సరిచేయడానికి ఉన్నది. రెండోది తీగల మందం. సన్నని 10 నంబరు సెట్టు బరువైన స్టీలు కింద కుంగిపోతుంది. అంతకంటే మందమైన 12-53 సెట్టు వేయండి.

మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. స్లైడ్‌కీ నట్‌కీ మధ్యనున్న తీగ భాగం కూడా మోగుతుంది. ఆ ఖణఖణ అక్కడిదే. స్లైడ్ వెనక వేలు తీగల మీద తేలిగ్గా ఆనించి దాన్ని ఆపాలి. బానీ గాజు స్లైడ్‌ని మధ్యవేలికి తొడుగుతారు, వెనక ఆనించడానికి చూపుడువేలు మిగులుతుంది. కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) కూడా పట్టాలనుకుంటే మీరు చిటికెనవేలికి తొడుక్కోండి, మూడు వేళ్ళు ఖాళీగా ఉంటాయి. గాజు స్వరం మెత్తన, స్టీలు స్వరం పదును. గాజు కావాలంటే కొనుక్కోండి. ఇంట్లో సీసా మెడ కోసే ప్రయత్నం వద్దు, అంచు సరిగా అరగకపోతే వేలు తెగుతుంది.

ఇక శ్రుతి. ఓపెన్ జి (ఖాళీ తీగలు మీటితేనే జి కార్డు పలికే అమరిక) పెట్టండి: ఆరో తీగని ఇ నుంచి డికి, ఐదో తీగని ఎ నుంచి జికి, ఒకటో తీగని ఇ నుంచి డికి దించాలి. మిగతా మూడు అలాగే. మందపు తీగ నుంచి చూస్తే డి జి డి జి బి డి. జిని షడ్జమంగా తీసుకుంటే పా సా పా సా గా పా, ఆ గాంధారం అంతర గాంధారం. స్లైడ్ అడ్డంగా 5వ ఫ్రెట్ మీద పెడితే మధ్యమం మీది కార్డు, 7 మీద పంచమం మీదిది, 12 మీద పై షడ్జమం మీదిది. పన్నెండు బార్ల (తాళపు ఆవర్తాల) బ్లూస్‌కి ఇవి చాలు: ఖాళీ తీగలు నాలుగు బార్లు, 5వ ఫ్రెట్ రెండు, ఖాళీ రెండు, 7 ఒకటి, 5 ఒకటి, ఖాళీ రెండు. ఎ శ్రుతి కావాలంటే తీగలు బిగించకుండా రెండో ఫ్రెట్‌కి కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు) పెట్టండి. బిగిస్తే చవక గిటార్లలో బ్రిడ్జి (పెట్టె మీద తీగలు కట్టే పట్టీ) లేస్తుంది.

బ్లూస్ గాంధారం సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఉంటుంది. జి తీగ మీద 3వ ఫ్రెట్ దాటాక, 4 చేరకముందే ఆగాలి. గోటువాద్యం (తీగల మీద కర్ర జార్చి వాయించే వీణ) విన్న చెవికి ఇది కొత్త కాదు. కంపనం ఇచ్చేటప్పుడు స్వరానికి అటూ ఇటూ సమానంగా ఊపండి. ఒకవైపే ఊపితే అపశ్రుతి. బానీ వాయింపులో వేగం తక్కువ, ఒక స్వరం మీద నిలవడం ఎక్కువ. దాన్నే పట్టుకోండి.

ప్ర: ఆవిడ పాటలు ఆవిడే రాస్తారా? (పర్లాకిమిడి)

జ: ఎక్కువగా ఇతరులవి. 'ఏంజెల్ ఫ్రమ్ మాంట్‌గోమరీ' జాన్ ప్రైన్‌ది, 'సమ్‌థింగ్ టు టాక్ అబౌట్' కెనడా రచయిత్రి షర్లీ ఐకార్డ్‌ది. 'నిక్ ఆఫ్ టైమ్' పాట మాత్రం బానీదే. 2023లో 'సాంగ్ ఆఫ్ ద ఇయర్' అందుకున్న 'జస్ట్ లైక్ దట్' కూడా ఆవిడ ఒక్కరే రాశారు. ఆ పాటలో, ఒక తల్లి గుమ్మంలోకి, చనిపోయిన ఆమె కొడుకు గుండెని అమర్చుకున్న మనిషి వస్తాడు. ఆ పాట ఆవిడకి 73 ఏళ్ళ వయసులో బహుమతి తెచ్చింది.

ప్ర: వినాయక చవితి పందిట్లో మా ఆర్కెస్ట్రా 'ఐ కాంట్ మేక్ యూ లవ్ మీ' పాడాలనుకుంటోంది. అమ్మాయి పాడుతుంది. ఏ శ్రుతి? (గుణుపురం)

జ: అసలు రికార్డింగ్ బి ఫ్లాట్, మన లెక్కలో ఆరున్నర. అయితే పల్లవి చూసి శ్రుతి పెట్టకండి. చరణం మొదట్లో గొంతు బాగా కిందికి దిగుతుంది. ఆ వాక్యం మైకులో స్పష్టంగా వినిపించకపోతే ఒక మెట్టు, ఇంకా కాకపోతే రెండు మెట్లు పెంచండి. చరణానికి మైకుని పెదాలకి రెండు వేళ్ళ దూరంలో, పల్లవికి జానెడు దూరంలో పట్టుకోమనండి. ఎకో తగ్గించమని సౌండు అబ్బాయికి ముందే చెప్పండి. పందిళ్ళలో పెట్టే ఎకోతో ఈ పాట నీరుగారిపోతుంది. అసలులో పాటని మోసేది బ్రూస్ హార్న్స్‌బీ పియానో. కీబోర్డు మీద పియానో ఒక్కటే ఉంచి వయొలిన్ల గుంపు సౌండు తీసేయండి. డ్రమ్స్ మెత్తగా.

దీన్ని రాసిన మైక్ రీడ్, ఆలెన్ షాంబ్లిన్ మొదట వేగంగా సాగే బ్లూగ్రాస్ (అమెరికా పల్లె సంగీతంలో ఒక రకం) పాటగా అనుకున్నారు. తాగి ప్రియురాలి కారు మీద కాల్పులు జరిపిన ఒకడి వార్త దానికి మూలం. ఏం నేర్చుకున్నావని జడ్జి అడిగితే, ప్రేమించని ఆడదానిచేత బలవంతాన ప్రేమింపజేసుకోలేమని తెలిసిందన్నాడట. పాడే అమ్మాయికి ఈ సంగతి చెప్పండి, ఏడుపు గొంతు పెట్టకుండా ఉంటుంది.

ప్ర: సముద్రపు గాలికి స్టీలు తీగలు తొందరగా తుప్పు పడుతున్నాయి. స్లైడ్ వేస్తే బరబరమంటోంది. (ఛత్రపురం)

జ: చుట్టు తీగల (పైన సన్న తీగ చుట్టిన మందపు తీగల) గాడుల్లో చెమట, ఉప్పు చేరితే ఆ చప్పుడు వస్తుంది. వాయించగానే పొడి నూలుగుడ్డతో తీగలని పైనా కిందా తుడవండి. గిటారుని గోడకి వేలాడదీయకుండా పెట్టెలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. పూత పూసిన తీగలు ధర ఎక్కువైనా ఎక్కువ కాలం వస్తాయి. నూనె మాత్రం రాయకండి. దుమ్ము పట్టి స్వరం మూగబోతుంది.