పాప ఇగ్వానాకు 30 రోజులు, అత్తగారి తాబేలుకు 48 గంటలు

ప్రశ్న: లాయర్ గారూ, మేం తిరుపతిలో ఉంటాం. మా పాపకు పదేళ్లు. ఇంట్లో ఏదైనా జంతువును పెంచుకుందామని ఎన్నాళ్లుగానో అడుగుతోంది. కుక్క, పిల్లి బొచ్చు మా ఆవిడకు పడదు. అందుకని మూడు వారాల క్రితం చెన్నైలో ఒక పెట్ షాపులో గ్రీన్ ఇగ్వానా అనే విదేశీ బల్లి జాతి పిల్లను కొన్నాం. బిల్లు అడిగితే, "ఫారిన్ జీవి సార్, దీనికి కాగితాలేమీ అక్కర్లేదు" అన్నారు. దానికి ఏం పెట్టాలి, ఏ లైటు వేయాలి అన్నది ముగ్గురం కూర్చుని ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాం. ఇంతలో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు ఇలాంటివి ఫ్లాట్‌లో ఉంచకూడదని నోటీసు ఇచ్చారు. ఇగ్వానాను పెంచడం చట్టరీత్యా తప్పా? ఇంకో చిన్న సందేహం. పలమనేరు దగ్గర పల్లెలో మా అత్తగారికి చెనిక్కాయల చేలో ఒక నక్షత్ర తాబేలు దొరికింది. పోయిన నెల నుంచి పెరట్లో తొట్టి పెట్టి పెంచుతున్నారు. పాప కోసం దాన్ని కూడా తిరుపతికి తెచ్చుకోవచ్చా?

జవాబు: మీరు చిన్న సందేహం అంటూ చివర్లో అడిగిన తాబేలు సంగతే ముందు చెప్పాలి. మీ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్ద సమస్య అదే. దాన్ని తిరుపతికి తేవద్దు. కారులోనో బస్సులోనో వేసుకుని బయల్దేరితే, పల్లెలో జరిగిన తప్పుకు దారిలో ఇంకో తప్పు తోడవుతుంది.

నక్షత్ర తాబేలు మన రాయలసీమ మెట్ట పొలాల్లో, పొదల్లో తిరిగే అడవి ప్రాణి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. ఏ ప్రాణికి ఎంత రక్షణో చెప్పే జాబితాలను అందులో షెడ్యూళ్లంటారు. ఈ తాబేలు చాలాకాలం నాలుగో షెడ్యూల్లో ఉండేది. 2022లో చట్టాన్ని సవరించి షెడ్యూళ్లన్నీ మార్చేశారు. ఆ మార్పులు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఇప్పుడు నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూల్లో ఉంది. పులి, ఏనుగు ఉన్న షెడ్యూల్ అదే. ఈ తాబేళ్లను పిల్లలప్పుడే పట్టి విదేశాలకు దొంగచాటుగా పంపే వ్యాపారం ఎంతగా పెరిగిందంటే, 2019లో వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందమైన సైటీస్‌లో కూడా వీటిని అత్యున్నత రక్షణ ఉన్న జాబితాలో చేర్చారు.

అత్తగారు దాన్ని వేటాడలేదు, దొరికితే ప్రేమగా తెచ్చి పెంచుతున్నారు, తప్పేముందని మీకు అనిపిస్తుంది. ఈ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, పట్టుకోవడం కూడా వేట కిందికే వస్తుంది. పైగా 39వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ప్రాణి ప్రభుత్వ ఆస్తి. అది ఎవరి చేతికి ఏ విధంగా వచ్చినా 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు గానీ, అధికారం ఉన్న అటవీ అధికారికి గానీ చెప్పాలి, వాళ్లు అడిగితే అప్పగించాలి. అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. మొదటి షెడ్యూల్ ప్రాణి విషయంలో శిక్ష 3 ఏళ్లకు తగ్గదు, 7 ఏళ్ల దాకా పడవచ్చు, జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. కనీస జైలు శిక్ష ఉన్న నేరం కాబట్టి డబ్బు కట్టి రాజీ చేసుకునే దారి కూడా లేదు. ఇంకో సంగతి, ప్రాణి మీ దగ్గర ఉందని రుజువైతే చాలు, అది అక్రమంగానే ఉందని 57వ సెక్షన్ కింద కోర్టు అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సిన భారం మీ మీదే పడుతుంది.

తాబేలు ఇంట్లో ఉంటే మంచిదనే నమ్మకాన్ని నేను కించపరచను. శ్రీకూర్మం గుడి ప్రాంగణంలో తాబేళ్లు ఉన్నాయి కదా అని నన్ను అడిగినవాళ్లున్నారు. అక్కడ ఉన్నాయన్నది మన పెరట్లో ఉంచుకోవడానికి అనుమతి కాదు. అత్తగారికి ఈ మాట మెల్లగా, భయపెట్టకుండా మీ ఆవిడ చేత చెప్పించండి.

ఏం చేయాలంటే, ముందు పలమనేరులోనో చిత్తూరులోనో క్రిమినల్ కేసులు చూసే లాయర్‌ను ఒకసారి కలవండి. ఆయన ద్వారా అక్కడి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకు అత్తగారి పేరుతో ఒక ఉత్తరం ఇవ్వండి. తాబేలు ఏ రోజున, ఏ చేలో దొరికింది, ఇన్నాళ్లూ ఎక్కడ ఉంచారు, చట్టం తెలియక ఉంచామని, ఇప్పుడు స్వచ్ఛందంగా అప్పగిస్తున్నామని రాస్తే చాలు. లేనివి కల్పించొద్దు. నిన్ననే దొరికిందని రాసి, తర్వాత పక్కింటివాళ్లు నెల నుంచి చూస్తున్నామంటే అసలు తప్పుకన్నా ఆ అబద్ధమే ఎక్కువ నష్టం చేస్తుంది. సిబ్బందినే ఇంటికి వచ్చి తీసుకెళ్లమని అడగండి. అప్పగించినట్టు సంతకం, సీలు ఉన్న రసీదు తీసుకోండి. 48 గంటలు ఎప్పుడో దాటిపోయాయి, ఆ ఆలస్యం దానంతటదే మాఫీ కాదు. అందుకే లాయర్‌ను వెంట పెట్టుకోమంటున్నాను. అయినా మీరే వెళ్లి చెప్పడానికి, వాళ్లు వచ్చి పట్టుకోవడానికి మధ్య ఏ అధికారి దృష్టిలోనైనా, ఏ కోర్టులోనైనా చాలా తేడా ఉంటుంది.

రాత్రికి రాత్రి తెచ్చి తిరుమల కొండ కింద వదిలేద్దామని, లేదా జూ పార్కు గేటు దగ్గర ఇచ్చేద్దామని అనుకోకండి. శేషాచలం అడవిలో నేషనల్ పార్కు ఉంది, అక్కడ ఏదీ వదలడానికి, పట్టడానికి మనకు హక్కు లేదు. తొట్టిలో ఉండి వచ్చిన తాబేలు రోగం మోసుకెళ్తే అక్కడి తాబేళ్లకు కూడా అంటుకుంటుంది. ఎక్కడికి పంపాలో, ఎప్పుడు వదలాలో అటవీశాఖ చూసుకుంటుంది. పాప దాంతో దిగిన ఫొటోలేవైనా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి ఉంటే ఆ సంగతి కూడా మీ లాయర్‌కు దాచకుండా చెప్పండి.

ఇక ఇగ్వానా. దీన్ని మీరు పెంచుకోవచ్చు. కానీ కాగితాలు అక్కర్లేదన్న షాపతని మాట ఇప్పుడు చెల్లదు. ఒకప్పుడు విదేశీ జీవులు మన వన్యప్రాణి చట్టం పరిధిలో లేవు. దేశంలోకి రావడమే కస్టమ్స్ వ్యవహారం, వచ్చాక అడిగే చట్టం దాదాపు లేదు. 2020 జూన్‌లో కేంద్రం స్వచ్ఛందంగా వివరాలు చెప్పేవాళ్ల కోసం ఒక పథకం పెట్టింది. దాని గడువు ఎప్పుడో ముగిసింది. 2022 సవరణతో సైటీస్ జాబితాల్లోని జీవులన్నిటినీ కొత్త నాలుగో షెడ్యూల్‌గా చట్టంలోకి తెచ్చారు. గ్రీన్ ఇగ్వానా సైటీస్ రెండో అనుబంధంలో ఉంది, కాబట్టి మీ పాప ఇగ్వానా ఆ షెడ్యూల్లోకే వస్తుంది.

దానికి సంబంధించిన నియమాలు 2024 ఫిబ్రవరి 28న వచ్చాయి. అప్పటికే ఇలాంటి జీవులు ఉన్నవాళ్లకు 6 నెలల గడువు ఇచ్చారు. ఆ తర్వాత కొన్నవాళ్లు జీవి చేతికి వచ్చిన 30 రోజుల్లోగా వివరాలు చెప్పి రిజిస్టర్ చేసుకోవాలి. మీరు కొని మూడు వారాలైంది. అంటే మీకు మిగిలింది ఒక వారం, అంతకన్నా కాస్త ఎక్కువేమో. ఈ ఉత్తరం చదివిన రోజే మొదలుపెట్టండి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్‌లో చేయాలి, అది మన రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గరికి వెళ్తుంది. జీవి పేరు అడిగినచోట శాస్త్రీయ నామం ఇగువానా ఇగువానా అని రాయాలి. స్పష్టమైన ఫొటోలు, ఎవరి దగ్గర, ఎప్పుడు కొన్నారు, ఎక్కడ ఉంచుతున్నారు అన్న వివరాలు సిద్ధంగా పెట్టుకోండి. మీ దగ్గర బిల్లు లేదు. కానీ ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో డబ్బు కట్టి ఉంటారు. ఆ లావాదేవీ తేదీ, షాపు పేరు ఉన్న స్క్రీన్‌షాట్ తీసి దాచండి. జీవి మీ చేతికి ఏ రోజు వచ్చిందో చెప్పే సాక్ష్యం అదే. షాపతనికి ఒక మెసేజ్ పెట్టి, బిల్లూ, ఈ పిల్ల ఎక్కడ పుట్టిందో రాసిన కాగితమూ ఇవ్వమని అడగండి. 2018 పెట్ షాపు నియమాల ప్రకారం అలాంటి దుకాణం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి, ఆ నంబరు కూడా అడగండి. అతను ఇవ్వకపోయినా మీరు అడిగారన్న మెసేజ్ మిగులుతుంది.

రిజిస్టర్ చేస్తే అధికారులు ఇంటికి వచ్చి పట్టుకుపోతారేమో, చేయకుండా ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది అన్న టెన్షన్ చాలామందిలో చూస్తున్నాను. రిజిస్టర్ చేయకుండా ఉంచుకోవడమే వన్యప్రాణి చట్టం 49ఎమ్ సెక్షన్‌ను ఉల్లంఘించడం. దానికి 3 ఏళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అసోసియేషన్‌తో గొడవ నడుస్తున్న ఇంటి మీద ఎవరైనా ఒక ఫిర్యాదు పెట్టడం ఎంత సులువో మీకే తెలుసు. సర్టిఫికెట్ చేతిలో ఉంటే అలాంటి ఫిర్యాదుకు మీరు భయపడాల్సిన పని లేదు. తర్వాత కూడా దాన్ని ఇంకొకరికి ఇచ్చినా, పిల్లలు పుట్టినా, అది చనిపోయినా ఆ సంగతి తెలియజేయాలి.

పెంపకం నేర్చుకుంటున్నామని రాశారు. చదివి సంతోషించాను, ఎందుకంటే అది కూడా చట్టం అడిగేదే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో జంతువు అంటే మనిషి కాకుండా ప్రాణమున్న ప్రతిదీ. దాని 3వ సెక్షన్ ప్రకారం జీవి బాగోగులు చూడటం దాన్ని ఉంచుకున్నవాళ్ల బాధ్యత. 11వ సెక్షన్ ప్రకారం కదలడానికి చాలని పంజరంలో ఉంచడం, తిండి, నీరు, నీడ చూడకపోవడం, ఆకలిదప్పులతో బాధపడేలా వదిలేయడం నేరాలు. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే, 1960 లెక్క అలాగే ఉండిపోయింది. జరిమానా చిన్నదని బాధ్యతను చిన్నగా చూడకండి.

ఇగ్వానా విషయంలో పంజరం సంగతే చాలామందికి తెలియదు. ఇప్పుడు జానెడు పొడవుండే పిల్ల పెద్దదయ్యాక తోకతో కలిపి మీటరున్నర, అంతకన్నా ఎక్కువ పెరుగుతుంది. 15 నుంచి 20 ఏళ్లు బతకగలదు. అంటే పాప పెళ్లీడుకొచ్చే దాకా ఉండే జీవి. మీరు కొన్న అద్దాల పెట్టె ఏడాది తిరిగేసరికి చాలదు. ఎత్తుగా, ఎక్కడానికి కొమ్మలున్న గూడు కావాలి. దానికి ఒంటిలో సొంత వేడి ఉండదు. వెచ్చగా ఎండ కాచుకునే చోటు ఒకటి, చల్లబడే చోటు ఒకటి రెండూ ఉండాలి. ఎండలో ఉండే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలనిచ్చే లైటు తప్పనిసరి. కిటికీ అద్దంలోంచి పడే ఎండ యూవీబీకి ప్రత్యామ్నాయం కాదు, అద్దం దాన్ని ఆపేస్తుంది. యూవీబీ, కాల్షియం తక్కువైతే ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. తిరుపతి ఎండాకాలం మధ్యాహ్నం అద్దాల పెట్టెను బాల్కనీలో పెడితే నిమిషాల్లో ప్రాణం పోతుంది.

అది ఆకులు తినే జీవి. గుడ్డు, మాంసం, పురుగులు పెట్టొద్దు. మునగాకు, మందారం ఆకులు, పువ్వులు, గుమ్మడికాయ మనకు సులువుగా దొరుకుతాయి. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియంను ఒంటికి పట్టనివ్వవు. తాకిన ప్రతిసారీ పాప సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సరీసృపాల మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటుంది. మీ ఇంటికి పసిపిల్లలు వస్తే దూరంగా ఉంచండి. ఒకసారి మన ఊళ్లోని పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల ఆసుపత్రిలో చూపించి, చీటీ రాయించుకోండి. జీవి బాగుందనడానికీ, మీరు శ్రద్ధగా చూస్తున్నారనడానికీ అది కాగితం.

అసోసియేషన్ నోటీసుకు క్లుప్తంగా చెబుతాను. పెంపుడు జంతువులను మొత్తానికే నిషేధించే అధికారం నివాస సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో చెప్పింది. అవి ఎక్కువగా కుక్కల గొడవల కోసం వచ్చినవే అయినా, మీ జవాబులో ప్రస్తావించండి. పరివేష్ దరఖాస్తు నంబరు, డాక్టర్ చీటీ జతచేసి, జీవి గూట్లోనే ఉంటుందని, లిఫ్టులోకీ మెట్ల మీదికీ విడిచిపెట్టమని రాసి ఇవ్వండి. ఒకసారి సెక్రటరీ గారిని ఇంటికి పిలిచి చూపించడం కూడా మంచిదే, చాలామంది దాన్ని ఉడుమనుకుని భయపడుతుంటారు. ఉడుము నిజంగానే మొదటి షెడ్యూల్ ప్రాణి, ఆ పొరపాటుతో ఎవరైనా ఫోన్ చేస్తే మీ సర్టిఫికెట్టే సమాధానం. మీరు అద్దెకుంటే మాత్రం అగ్రిమెంట్‌లో జంతువుల గురించి ఏం రాశారో చూడండి, అక్కడ వద్దని ఉంటే ఓనర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి.

ఎప్పుడైనా పెంచలేమనిపిస్తే, చెరువులోనో, కోనేరు పక్కనో, స్వర్ణముఖి ఒడ్డునో వదలకండి. అమెరికాలోని ఫ్లోరిడాలో ఇలా పెంచి వదిలేసినవే పెరిగి తోటలకు, స్థానిక జీవులకు పెద్ద బెడదయ్యాయి. రిజిస్ట్రేషన్ ఉన్న జీవిని పెంచగలిగిన మరొకరికి ఇవ్వొచ్చు. ఆ బదిలీని పోర్టల్‌లో చూపించాలి, తీసుకున్నవాళ్లు కూడా తమ పేరున నమోదు చేసుకోవాలి.