ఓజోన్ అంకెలు పట్టుకున్న అమ్మాయికి

అమలాపురం

చి. హారికకు,

పెదనాన్న ఆశీస్సులు. మన కోనసీమ మీద ఓజోన్ ఎలా మారుతోందో ఉపగ్రహ డేటాతో ప్రాజెక్టు చేస్తానన్నావు. ఫైళ్లు దించుకున్నాక ఆ అంకెలు చూస్తే టెన్షన్‌గా ఉందనీ రాశావు. గ్రాఫులు తర్వాత గీద్దువుగాని, ముందు ఆ అంకె ఎలా పుట్టిందో తెలుసుకో.

ఉపగ్రహానికి ఓజోన్ కనిపించదమ్మా, వెలుగే కనిపిస్తుంది. ఎండ గాలిలోకి దిగి, అణువులకు తగిలి చెదిరి, కొంత తిరిగి పైకి పోతుంది. ఆ తిరుగు వెలుగులో అతినీలలోహిత భాగాన్ని కొలుస్తారు. తరంగదైర్ఘ్యం 317 నానోమీటర్ల దగ్గర ఓజోన్ దాన్ని బాగా మింగుతుంది, 331 దగ్గర చాలా తక్కువ. రెండిటి నిష్పత్తిలోంచి ఓజోన్ ఎంతో లెక్క కడతారు. 1978లో వెళ్లిన నింబస్-7 ఉపగ్రహం మీది టామ్స్ అనే పరికరం చేసింది ఈ పనే. 2017లో వెళ్లిన ట్రోపోమి అనే కొత్త పరికరం చాలా ఎక్కువ తరంగదైర్ఘ్యాలు చూస్తుంది కానీ కిటుకు అదే. ఇంకా పొట్టి తరంగాలు నేల దాకా రావు, పైనే ఆగిపోతాయి. రొయ్యల చెరువులో నలుపు తెలుపు పళ్లెం తాడుతో దించి ఎంత లోతున మాయమైందో చూస్తారు కదా, అలా ఏ తరంగం ఎంత కిందికి దిగి తిరిగొచ్చిందో చూస్తే ఏ ఎత్తున ఎంత ఓజోన్ ఉందో కూడా చెప్పొచ్చు. నీకు అంత అక్కర్లేదు, మొత్తం ఓజోన్ చాలు.

ఆ మొత్తాన్ని డాబ్సన్ యూనిట్లలో చెబుతారు. 300 అంటే, నెత్తిమీది ఓజోన్‌నంతా నేల మీది పీడనానికి, 0 డిగ్రీలకు తెస్తే 3 మిల్లీమీటర్ల పొర. మనవైపు చలికాలంలో సుమారు 250, వానాకాలంలో 270, 280 దాకా ఉంటుంది. నీ ఫైల్లో డిసెంబరులో 400 కనిపిస్తే ముందు నీ ప్రోగ్రాంనే అనుమానించు.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది మేఘం. కొబ్బరితోట, వరిచేను, చెరువు ఈ వెలుగులో ఇంచుమించు ఒకేలా నల్లగా ఉంటాయి. మేఘం మాత్రం తెల్లగా మెరుస్తుంది, కింద ఉన్న ఓజోన్‌ను దాచేస్తుంది. దాచిన భాగాన్ని లెక్కలో అంచనాగా కలుపుతారు. అంటే జులైలో నీకొచ్చే అంకెలో కొంత భాగం కొలిచింది కాదు, ఊహించింది. అందుకే ప్రతి అంకె పక్కన మేఘం శాతం కాలమ్ పెట్టుకో. మేఘం తక్కువున్న రోజులు విడిగా గీసి, అన్ని రోజుల గీతతో పోల్చు. రెండూ విడిపోతే ఆ తేడా వాతావరణానిదో, లెక్కదో తేలేదాకా ముందుకు వెళ్లకు.

సూర్యుడి కోణం కూడా చూడు. మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మనకు మధ్యాహ్నం ఎండ నడినెత్తిన పడుతుంది. డిసెంబరు నెలాఖరుకు సుమారు 40 డిగ్రీలు వాలుతుంది. వాలినకొద్దీ వెలుగు ఓజోన్‌లో నడిచే దారి పెరుగుతుంది. లెక్కలో దీన్ని సరిదిద్దుతారు, అయినా ఋతువుల తేడా గురించి మాట్లాడేటప్పుడు మనసులో ఉంచుకో.

పాత ఏళ్లకు ఓమీ అనే మరో ఉపగ్రహ పరికరం డేటా కలుపుతానన్నావు. అక్కడ జాగ్రత్త. 2007 నుంచి ఆ పరికరం చూపుకు ఏదో అడ్డుపడి కొన్ని వరుసలు పాడయ్యాయి, వాటికి గుర్తు పెట్టి ఉంటుంది, తీసెయ్. అలాగని గుర్తు పెట్టిన ప్రతిదీ తీసెయ్యకు! 1980ల్లో అంటార్కిటికా మీద 180 కన్నా తక్కువ వచ్చిన విలువలకు నాసా లెక్కల్లో అనుమానపు గుర్తు పడేది. 1985లో అంటార్కిటికాలోని హేలీ బే కేంద్రంలో నేల మీది పరికరం లెక్కలతో బ్రిటిష్ శాస్త్రవేత్త ఫార్మన్ బృందం ఓజోన్ రంధ్రాన్ని ప్రకటించింది, ఆ అనుమానపు విలువలు నిజమేనని తేలింది. కాబట్టి గుర్తు ఎందుకు పడిందో చదివి నిర్ణయించుకో.

రెండు ఉపగ్రహాల అంకెలు నేరుగా అతికించి "ఓజోన్ తగ్గింది" అనకు. పోలిక కోసం నేరుగా సూర్యుడి వెలుగును కొలిచేందుకు వాడే పలక ఎండకు మసకబారి, నింబస్-7 అంకెలు ఉన్నదానికన్నా ఎక్కువ తగ్గుదల చూపాయి. సరిదిద్దాకే ఆ గీత నమ్మదగినదయింది. రెండు పరికరాలూ పనిచేస్తున్న నెలల్ని ముందు పక్కపక్కన పెట్టి చూడు.

వరిగడ్డి కాల్చడంతో ఓజోన్ పెరిగిందని చూపాలన్న నీ కోరిక మాత్రం మానుకోమంటాను. మొత్తం ఓజోన్‌లో పదోవంతో ఏమో నేలకు దగ్గరి పొరల్లో ఉంటుంది, మిగతాదంతా చాలా ఎత్తున ఉండే స్ట్రాటోస్ఫియర్ అనే పొరలోదే. పైగా నేలను ఆనుకున్న పొరను ఈ తరంగాలు సరిగ్గా చూడలేవు. పొగ కథ చెప్పాలంటే నేల మీద పరికరం కావాలి. మీ గైడు ఒప్పుకోకపోతే నాతో మాట్లాడమను.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక్క డిసెంబరు నెల ఫైళ్లు పెన్‌డ్రైవులో వేసుకురా, ఇంట్లో నెట్ సరిగ్గా రావడం లేదు. మేఘం కాలమ్ మర్చిపోకు.

ఇట్లు,
పెదనాన్న