‘గో ఆన్’ తర్వాత ‘ఇంగ్’ రావాలా, ‘టు’ రావాలా?

ప్రశ్న: ‘గో ఆన్’ అంటే కొనసాగించడమని నేర్చుకున్నాం. మరి ‘హీ వెంట్ ఆన్ టు బికమ్ ప్రెసిడెంట్’ అన్నప్పుడు ఆయన దేన్ని కొనసాగించినట్టు? ‘క్యారీ ఆన్’, ‘కీప్ ఆన్’ కూడా ఇలాంటివేనా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అక్కడ ఆయన దేన్నీ కొనసాగించలేదమ్మా, ఒక దశ దాటి మరో దశకు చేరారు. తేడా అంతా ‘ఆన్’ తర్వాత వచ్చే క్రియలో ఉంది. ‘ద టీచర్ వెంట్ ఆన్ ఎక్స్‌ప్లెయినింగ్ ద లెసన్’ అంటే గంట కొట్టినా పాఠం చెబుతూనే ఉన్నారని. ‘వెంట్ ఆన్ టు ఎక్స్‌ప్లెయిన్ ద లెసన్’ అంటే హాజరు తీసుకోవడం లాంటి వేరే పని ముగించి, ఆ తర్వాత పాఠం మొదలుపెట్టారని. రాసే ముందు తెలుగులో అనుకోండి: ‘చేస్తూనే’ అని వస్తే ‘ఇంగ్’, ‘ఆ తర్వాత’ అని వస్తే ‘టు’.

సర్వేపల్లి రాధాకృష్ణన్ చిన్నప్పుడు తిరుపతిలో చదివారు, 1962లో రాష్ట్రపతి అయ్యారు. ఈ రెంటినీ ‘వెంట్ ఆన్ టు బికమ్’ చక్కగా కలుపుతుంది. మధ్యలో దశాబ్దాలు గడిచినా ఇబ్బంది లేదు. ‘వెంట్ ఆన్ బికమింగ్’ మాత్రం తప్పు.

చాలామందిని తప్పుదారి పట్టించేది ‘కంటిన్యూ’. దాని తర్వాత ‘టు వర్క్’ అన్నా ‘వర్కింగ్’ అన్నా అర్థం దాదాపు ఒకటే. ఆ అలవాటుతో, ఆమె పని మానలేదని చెప్పడానికి ‘షీ వెంట్ ఆన్ టు వర్క్’ అని రాస్తారు. చదివేవారికి అర్థం మారిపోతుంది.

ఊరి పేరు ముందు వచ్చే ‘టు’ వేరు. ‘వి స్టాప్డ్ ఎట్ శ్రీకాళహస్తి అండ్ వెంట్ ఆన్ టు తిరుపతి’ అంటే కాళహస్తిలో ఆగి, అక్కడి నుంచి ముందుకు సాగామని. నేరుగా వెళ్లి ఉంటే ‘వెంట్ టు’ చాలు.

‘క్యారీ ఆన్’కు ‘తర్వాతి పని’ అనే అర్థం లేదు. అందుకే ‘క్యారీ ఆన్ వర్కింగ్’ సరే, ‘క్యారీ ఆన్ టు బికమ్’ కుదరదు. నామవాచకం వస్తే ‘విత్’ చేర్చండి: ‘క్యారీ ఆన్ విత్ యువర్ వర్క్’. ‘గో ఆన్’కూ ఇంతే.

‘కీప్ ఆన్’ వెనుకా ‘ఇంగ్’ రూపమే వస్తుంది. ఒకే పని మళ్లీమళ్లీ చేస్తున్నారని చెప్పడానికి ఇది బాగా పనికొస్తుంది. చాలాసార్లు అందులో విసుగు కూడా ఉంటుంది: ‘హీ కీప్స్ ఆన్ కాలింగ్ మీ’, ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడని. పై అధికారికి రాసే ఉత్తరంలో ఆయన పని గురించి దీన్ని వాడకండి. అక్కడ ‘కంటిన్యూ’ మర్యాదగా ఉంటుంది.