క్లస్టర్ బాంబులు: ఎంపీని ఏమని అడగాలి?

ప్రశ్న: క్లస్టర్ బాంబులను నిషేధించాలని మన ప్రజాప్రతినిధులకు ఉత్తరాలు రాస్తే ప్రయోజనం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఉంటుంది, కాకపోతే అడిగేది సూటిగా ఉండాలి. ఒక పెద్ద గుల్ల గాలిలో విచ్చుకుని వందలకొద్దీ చిన్న బాంబులను వెదజల్లడం, వాటిలో కొన్ని పేలకుండా పొలాల్లోనే ఉండిపోవడం ఈ ఆయుధంతో వచ్చే అసలు ముప్పు. 1964 నుంచి 1973 దాకా అమెరికా లావోస్‌పై కురిపించిన చిన్న బాంబులు 27 కోట్లకు పైమాటేనని, వాటిలో సుమారు 8 కోట్లు పేలలేదని అంచనా. టెన్నిస్ బంతంత ఉండే వాటిని పిల్లలు ఆటవస్తువులనుకుని చేతిలోకి తీసుకోవడం, నేల తవ్వుతున్న రైతుల చేతికింద అవి పేలడం యుద్ధం ముగిసిన దశాబ్దాల తరువాత కూడా జరుగుతూనే వచ్చాయి.

వీటిని నిషేధించే ఒప్పందం 2010 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. భారత్ అందులో చేరలేదు; అమెరికా, రష్యా, చైనా, పాకిస్థాన్ కూడా చేరలేదు. అగ్రరాజ్యాలు లేని ఒప్పందం ఎందుకని పెదవి విరిచేవారున్నారు గానీ, సభ్యదేశాలు తమ వద్ద ఉన్నాయని ప్రకటించిన నిల్వలన్నీ 2023 చివరికల్లా ధ్వంసమయ్యాయన్న సంగతి వారు గమనించాలి. 2025 మార్చిలో లిథువేనియా వైదొలగడం మాత్రం కలవరపెట్టే పరిణామమే.

అంతర్జాతీయ ఒప్పందాలు కేంద్రం పరిధిలోనివి కనుక ఎమ్మెల్యేకు కాకుండా మీ ఎంపీకి రాయండి. ఒప్పందంలో చేరకపోవడానికి కారణాలేమిటో సభలో ప్రశ్న వేసి ప్రభుత్వం నుంచి లిఖితపూర్వక సమాధానం రాబట్టమని కోరండి.