మందా, కరెంటా? ఏడీహెచ్‌డీ ఉన్న బాబుకి ఏది మంచిది?

ప్రశ్న: మా బాబుకి 11 ఏళ్లు, ఆరో తరగతి. క్లాసులో కుదురుగా కూర్చోడు, నోట్స్ సగం రాసి వదిలేస్తాడు, వారానికో పెన్సిల్ బాక్సు పోగొడతాడు. వాళ్ల నాన్న కూడా చిన్నప్పుడు ఇంతేనట. డాక్టర్ ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు లోపించే సమస్య) అని చెప్పి మిథైల్‌ఫెనిడేట్ 5 మి.గ్రా. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి వేయమన్నారు. మూడు వారాలు వేశాం. పెద్దగా మార్పు లేదు, అన్నం మాత్రం తగ్గించేశాడు. అది మత్తుమందుల చట్టం కిందికి వచ్చే మందని మెడికల్ షాపులో చెబితే భయపడి ఆపేశాం. హైదరాబాద్‌లో ఒక సెంటర్ వాళ్లు 30 సిట్టింగుల బ్రెయిన్ స్టిమ్యులేషన్‌తో (మెదడుని కరెంటుతోనో అయస్కాంతంతోనో ప్రేరేపించడం) మందులే అక్కర్లేదంటున్నారు. చేయించమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఇప్పుడైతే వద్దమ్మా. అసలు మీ బాబుకి మందు పనిచేయలేదని చెప్పడానికి కూడా లేదు. ఉదయం 5, మధ్యాహ్నం 5 అనేది మొదలుపెట్టే డోసు. పిల్లవాడు ఎలా ఉన్నాడో చూస్తూ వారం వారం కొంచెం పెంచుకుంటూ వెళ్లాలి. మీరు తొలి మెట్టు మీదే ఆగిపోయారు.

స్టిమ్యులేషన్ సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది పూర్తిగా గాలి కబురు కాదు. నిద్రపోయేటప్పుడు నుదుటికి ఒక పట్టీ అంటించి, ముఖానికి వెళ్లే ట్రైజెమినల్ నరానికి సన్నటి కరెంటు పంపే పరికరం ఒకటి ఉంది. మందులు వాడని 7 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇచ్చింది. ఆ అనుమతికి ఆధారం 62 మంది పిల్లల మీద నాలుగు వారాలు జరిగిన ఒక చిన్న అధ్యయనం. అందులో పోల్చి చూడటానికి కొందరికి డమ్మీ పరికరం పెట్టారు, వాళ్లకు కరెంటే వెళ్లలేదు. కాబట్టి తమది డమ్మీ అని పిల్లలు పసిగట్టే వీలుంది. తర్వాత లండన్ కింగ్స్ కాలేజ్ పరిశోధకులు ఇతరులతో కలిసి 150 మంది పిల్లల మీద, డమ్మీని మరింత జాగ్రత్తగా తయారుచేసి మళ్లీ పరీక్షించారు. నిజం పరికరానికీ డమ్మీకీ తేడా తేలలేదు.

డమ్మీ గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఏ సిట్టింగుకైనా వెళ్లొచ్చాక ఇంట్లో చాలా మారుతుంది. పిల్లవాడికి అమ్మానాన్నల టైమ్ దొరుకుతుంది, తిట్లు తగ్గుతాయి, అందరికీ ఆశ పుడుతుంది. అప్పుడు చిన్న మార్పు కూడా పెద్దగా కనిపిస్తుంది. అది అబద్ధం అనను. కానీ అది కరెంటు వల్ల వచ్చిందా అంటే డమ్మీతో పోల్చితే తప్ప తెలియదు. తలకి కరెంటు ఇచ్చే టీడీసీఎస్‌దీ ఇదే కథ. 50 మంది మగపిల్లలకి 15 సిట్టింగులు ఇచ్చి చూసిన అధ్యయనంలో అది డమ్మీని మించలేదు. అయస్కాంతంతో చేసే ఆర్‌టీఎంఎస్ పెద్దవాళ్ల డిప్రెషన్‌కి బాగానే ఉపయోగపడుతుంది. అక్కడ పనిచేసింది కదా అని ఏడీహెచ్‌డీ పిల్లలకీ ఇచ్చేయలేం. సెంటర్‌లో రంగురంగుల బ్రెయిన్ మ్యాప్ చూపిస్తే కంగారు పడకండి. ఏడీహెచ్‌డీని నిర్ధారించేది ఇంట్లో, స్కూల్లో పిల్లవాడి ప్రవర్తన బట్టే గానీ మ్యాప్‌తో కాదు.

ఇక మీ అసలు భయం, మత్తుమందు. షాపతను చెప్పింది నిజమే. మిథైల్‌ఫెనిడేట్ మత్తుమందుల్ని కట్టడి చేసే ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోనే ఉంది, అందుకే చీటీ లేకుండా ఇవ్వరు, అన్ని షాపుల్లోనూ దొరకదు. పెద్దవాళ్లు దీన్ని దుర్వినియోగం చేసే వీలుంది కాబట్టి ఆ కట్టడి. మీ బాబు మింగే మాత్ర మెల్లగా పనిచేసి మూడు నాలుగు గంటల్లో దిగిపోతుంది. డాక్టర్ చెప్పిన డోసులో వాడిన పిల్లలు పెద్దయ్యాక మత్తుకి ఎక్కువగా అలవాటు పడతారన్నది పరిశోధనల్లో తేలలేదు. 1940ల్లో తయారైన మందు ఇది, దీని మంచీ చెడూ మాకు బాగా తెలుసు. 2018లో 130కి పైగా అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ కూడా పిల్లలకి మొదట వాడాల్సింది ఇదేనంది.

ఇబ్బందులు లేవని కాదు. ఆకలి తగ్గుతుంది, కొందరికి నిద్ర ఆలస్యమవుతుంది, గుండె వేగం, బీపీ కొంచెం పెరగొచ్చు, ఏళ్ల తరబడి వాడితే ఎత్తు పెరగడం కాస్త నెమ్మదించవచ్చు. అందుకే ఆరు నెలలకోసారైనా ఎత్తు, బరువు, బీపీ రాయించండి. మీ ఇళ్లలో ఎవరైనా చిన్న వయసులో గుండె ఆగి చనిపోయుంటే డాక్టర్‌తో తప్పక చెప్పండి. అన్నం విషయంలో నేను తల్లులకి చెప్పేది ఒకటే: మాత్రకి ముందే ఇడ్లీయో ఉప్మావో కడుపునిండా పెట్టేయండి. మధ్యాహ్నం బాక్సు సగం వెనక్కి వస్తే గొడవ పడకండి. మందు దిగాక సాయంత్రం ఆకలేస్తుంది, అప్పుడు పల్లీలు, గుడ్డు, పెరుగన్నం ఏదైనా ఇవ్వండి.

డోసు పెంచినా సరిపడకపోతే ఆటమాక్సెటిన్ అనే ఇంకో మందు ఉంది. దాని ఫలితం కనిపించడానికి నెల, నెలన్నర పడుతుంది. ఏ మందు వాడినా స్కూల్లో ముందు బెంచీ, ఇంట్లో హోంవర్కుని పది పదిహేను నిమిషాల ముక్కలుగా చేయించడం మానకండి.

ఆ మాత్రలు మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకుండా, ఈ వారమే మీ డాక్టర్‌ని కలిసి ఎందుకు ఆపారో ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయనేమీ కోప్పడరు, మాకిది రోజూ వినే మాటే. వెళ్లేటప్పుడు క్లాస్ టీచర్ చేత బాబు ఎలా ఉంటున్నాడో నాలుగు లైన్లు రాయించుకుని తీసుకెళ్లండి. వీలైతే వాళ్ల నాన్నని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. ఏడీహెచ్‌డీ తరచూ కుటుంబాల్లో వస్తుంది, ఆయనకీ పరీక్ష అవసరమేమో అక్కడే తేలుతుంది.