హ్యామ్ హాక్ (పొగబెట్టిన పంది కాలి ముక్క) లేకుండా కాలర్డ్ గ్రీన్స్ అనే ఆకుకూరకి ఆ రుచి వస్తుందా? వస్తుందండీ

మీ ప్రశ్న చదవగానే జవాబు రాయాలనిపించింది. మీ కోడలిది అలబామాకి చెందిన ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబం. ఈ థాంక్స్‌గివింగ్‌కి వియ్యాలవారు మొదటిసారి మీ ఇంటికి భోజనానికి వస్తున్నారు. మీ ఇంట్లో మాంసం వండరు. వియ్యంకుడి గారికి బీపీ, షుగర్ ఉన్నాయి. వాళ్ల సోల్ ఫుడ్‌నే, అంటే అమెరికా దక్షిణాది నల్లవాళ్ల సంప్రదాయ వంటనే, శాకాహారంగా, ఒంటికి మంచిగా, వాళ్లకి పరాయి తిండి అనిపించకుండా ఎలా వండాలని అడిగారు.

నేను అట్లాంటా దగ్గర ఉంటాను. మా పక్కింటి పెద్దావిడ దక్షిణ జార్జియా పల్లెలో పుట్టి పెరిగారు. ఆవిడ భర్తకి గుండె జబ్బు బయటపడ్డాక ఇంట్లో వంట తీరు పూర్తిగా మార్చేశారు. ఆవిడ పొయ్యి పక్కన నిలబడి నేర్చుకున్నవే మీకు రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, వాళ్ల వంటని మనం చెడగొడుతున్నామన్న భయం పెట్టుకోకండి. ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో తన బానిస జీవితం గురించి రాస్తూ, నెలకి ఇచ్చే తిండి 8 పౌండ్ల పంది మాంసం (లేదంటే అంత చేప), ఒక బుషెల్ (సుమారు 35 లీటర్ల కొలత) మొక్కజొన్న పిండి అన్నాడు. అంటే రోజుకి పావు పౌండు కంటే కాస్త ఎక్కువ మాంసం, అంతే. మిగతా కడుపు నిండింది మొక్కజొన్నతో, దొరికిన చోట పెరట్లో వేసుకున్న ఆకుకూరలు, చిలగడదుంపలు, అలసందలు, బెండకాయలతో. అలసందలు, బెండ ఆఫ్రికా నుంచే వచ్చాయి. పంది మాంసం ముక్క కుండలో పడేది రుచి కోసం. 1910 నుంచి 1970 దాకా దాదాపు 60 లక్షల మంది నల్లవాళ్లు దక్షిణాది వదిలి ఉత్తరాది, పశ్చిమ నగరాలకి వెళ్లారు. 1960లలో ఈ వంటలకి సోల్ ఫుడ్ అన్న పేరు బాగా వ్యాపించింది. క్రమంగా ఆదివారం విందులో ఉండే వేపుళ్లు, చీజ్ వంటలే దానికి గుర్తుగా నిలిచిపోయాయి. మీరు వండబోయేది వాళ్ల అమ్మమ్మల రోజువారీ తిండికి దగ్గరగా ఉంటుంది.

శాకాహారం కూడా వాళ్లకి కొత్త కాదు. అలబామాలో పుట్టి అట్లాంటాలో స్థిరపడిన కొరెట్టా స్కాట్ కింగ్ (మార్టిన్ లూథర్ కింగ్ భార్య) చివరి సంవత్సరాల్లో పాలు, గుడ్లు కూడా మానేశారు. హాస్యనటుడు, పౌరహక్కుల ఉద్యమకారుడు డిక్ గ్రెగరీ 1960లలోనే అహింసని పళ్లెం దాకా తీసుకొచ్చి మాంసం వదిలేశాడు. మాటల్లో ఈ ప్రస్తావన వస్తే వియ్యపురాలికి మీకంటే ఎక్కువే తెలిసి ఉంటుంది.

ఇక ఆరోగ్యం సంగతి. మాంసం తీసేస్తే చాలు ఆరోగ్యం వచ్చేస్తుందని మనవాళ్లు చాలామంది అనుకుంటారు, నాకు దీని మీద గట్టి అభిప్రాయం ఉంది. అలబామా యూనివర్సిటీ బర్మింగ్‌హామ్ వాళ్లు నడిపే రిగార్డ్స్ అనే పెద్ద అధ్యయనంలో, వేపుళ్లు, ప్రాసెస్ చేసిన మాంసం, కాలేయం లాంటి లోపలి భాగాలు, తీపి పానీయాలు బాగా ఎక్కువగా తీసుకునేవాళ్లకి, బాగా తక్కువగా తీసుకునేవాళ్ల కంటే గుండె జబ్బు ముప్పు 56 శాతం ఎక్కువని 2015లో తేలింది. ఆ జాబితాలో మాంసంతో పాటు నూనె, ఉప్పు, పంచదార కూడా ఉన్నాయి చూడండి. సౌత్ కరోలినా యూనివర్సిటీ వాళ్లు ఆఫ్రికన్ అమెరికన్లతోనే రెండేళ్ల ప్రయోగం చేశారు. ఒక బృందానికి పూర్తి శాకాహార సోల్ ఫుడ్, ఇంకో బృందానికి కొవ్వు తగ్గించిన మాంసాహార సోల్ ఫుడ్ నేర్పారు. ఏడాది చివర చూస్తే బరువు విషయంలో, కొలెస్ట్రాల్ విషయంలో రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి జీడిపప్పు, వెన్న, పంచదార దట్టించిన శాకాహార విందు పెడితే వియ్యంకుడి గారికి ఒరిగేదేమీ లేదు. బీపీ ఉన్నవాళ్లకి రోజుకి 1,500 మిల్లీగ్రాముల సోడియం దాటకపోతే మంచిదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అంటుంది. ఒక్క టీస్పూన్ ఉప్పులోనే దాదాపు 2,300 ఉంటుంది. వంట చేసేటప్పుడు నేను మనసులో పెట్టుకునే లెక్క ఇదొక్కటే.

ఉప్పు తగ్గితే చప్పగా ఉండదా అంటారు. హ్యామ్ హాక్ కాలర్డ్ గ్రీన్స్ కుండకి నాలుగు ఇస్తుంది: పొగ వాసన, ఉప్పు, కొవ్వు, ఎముక ఉడికి వచ్చే చిక్కటి మాంసపు రుచి. ఇందులో మనం గట్టిగా నిలబెట్టాల్సినవి పొగ, ఆ చిక్కదనం. పొగకి స్మోక్డ్ పాప్రికా (పొగబెట్టిన ఎర్ర మిరప పొడి), ఇంకా కావాలంటే లిక్విడ్ స్మోక్ కొన్ని చుక్కలు. అది కట్టె పొగనే చల్లార్చి నీళ్లలో పట్టిన ద్రవం, ఎక్కువైతే చేదెక్కుతుంది. చిక్కదనానికి ఎండు షిటాకే పుట్టగొడుగులు, అవి నానిన నీళ్లు, బాగా ఎర్రగా వేగిన ఉల్లిపాయ. చివర్లో వెనిగర్ పులుపు పడితే ఉప్పు తక్కువైన సంగతి నాలుకకి తెలియదు.

కాలర్డ్ గ్రీన్స్ ఇలా చేయండి. పెద్ద కట్టలు రెండు తెచ్చి, మధ్య ఈనె తీసేసి, సింకు నిండా నీళ్లు పెట్టి మూడు నాలుగు సార్లు కడగాలి, ఇసుక మొండిగా పట్టుకుని ఉంటుంది. ఆకులు చుట్టగా చుట్టి వేలెడు వెడల్పు పీలికలుగా కోసుకోండి. ఆరు పుట్టగొడుగులు ఐదు కప్పుల వేడినీళ్లలో అరగంట నానబెట్టండి. మందపాటి గిన్నెలో ఒక టేబుల్ స్పూన్ నూనె వేసి, పెద్ద ఉల్లిపాయ ముక్కలు సన్నటి సెగ మీద ఓపిగ్గా ఎర్రబడేదాకా వేయించండి. ఇక్కడ తొందరపడితే కుండంతా పలచబడిపోతుంది. నలగ్గొట్టిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు, రెండు టీస్పూన్ల స్మోక్డ్ పాప్రికా, అర టీస్పూన్ ఎండుమిర్చి పలుకులు వేసి, పాప్రికా మాడకముందే పుట్టగొడుగుల నీళ్లు పోసేయండి. అడుగున తేరిన మట్టి వదిలేయండి. పుట్టగొడుగులు తరిగి అందులోనే వేయాలి. ఆకు గుప్పెడు గుప్పెడుగా వేస్తూ, అణిగాక మూతపెట్టి ముప్పావు గంట నుంచి గంట ఉడకనివ్వండి. మన పాలకూరలా ఐదు నిమిషాల్లో దించితే కాలర్డ్ నములుడుగా, వగరుగా ఉంటుంది. ఇష్టమైతే చివర్లో ఒక స్పూన్ మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) కలపండి, అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి విడిగా ఉప్పు వేయకుండానే రుచి చూడండి. దించాక రెండు టేబుల్ స్పూన్ల ఆపిల్ సైడర్ వెనిగర్.

గిన్నెలో మిగిలే ఆ ఆకుపచ్చ రసం పారబోయకండి, అది పాట్ లికర్. కార్న్‌బ్రెడ్ (మొక్కజొన్న రొట్టె) ముంచుకు తినడానికి చిన్న కప్పుల్లో పక్కన పెట్టండి. ఆ కప్పు చూడగానే మీరు వాళ్ల వంటని గౌరవంతో నేర్చుకున్నారని వాళ్లకి అర్థమవుతుంది.

ఒక్కటి బతిమాలి చెప్తున్నాను, పోపు పెట్టకండి. ఆవాలు, జీలకర్ర, ఇంగువ, కరివేపాకు, గరం మసాలా, పైన కొత్తిమీర, ఏదీ వద్దు. మనకి చెయ్యి ఆగదు, నాకు తెలుసు. కానీ పోపు పడ్డ క్షణం అది మన కూర అయిపోతుంది, వాళ్లు మర్యాదకి తిని బాగుందంటారు. మన వంటలు ఇంకో రోజు పెడదాం.

కాలర్డ్స్‌లో విటమిన్ కె చాలా ఎక్కువ. వియ్యంకుడి గారు వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడుతుంటే, ఎంత తినొచ్చో డాక్టర్ని అడగమని కోడలికి ముందే చెప్పండి.

అలసందలు మనకి అలవాటే, తెలంగాణలో బొబ్బర్లంటాం. రాత్రి నానబెట్టి, ఉల్లి, సెలెరీ, పచ్చ క్యాప్సికం సన్నగా తరిగి వేయించి, రెండు బిర్యానీ ఆకులు, థైమ్, కాస్త స్మోక్డ్ పాప్రికా వేసి కుక్కర్లో కాకుండా గిన్నెలోనే ఉడికించండి. గింజ విడిగా నిలవాలి, పులుసు చిక్కబడాలి. ఒక గరిటెడు గింజలు మెదిపి మళ్లీ కలిపితే ఆ చిక్కదనం కొవ్వు లేకుండానే వస్తుంది. అన్నంతో కలిపి వండితే అదే హాపిన్ జాన్, కొత్త సంవత్సరం మొదటి రోజున అదృష్టం కోసం తింటారు. ఉడికిన గింజలు ఒక కప్పులో 13 గ్రాముల దాకా ప్రొటీన్, 11 గ్రాముల దాకా పీచు ఉంటాయి. షుగర్ ఉన్న మనిషికి పళ్లెంలో అన్నం తగ్గించి ఇవి ఎక్కువ పెట్టండి.

కార్న్‌బ్రెడ్‌కి పిండి కొనేటప్పుడు జాగ్రత్త. ఇండియన్ స్టోర్లో దొరికే కార్న్‌ఫ్లోర్ పనికిరాదు, అది గంజి పొడి. మామూలు అమెరికన్ షాపులో కార్న్‌మీల్ అని అడగండి, కాస్త బరకగా ఉంటుంది. ఒకటిన్నర కప్పుల కార్న్‌మీల్, అర కప్పు గోధుమ పిండి, రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ సోడా, పావు టీస్పూన్ ఉప్పు పొడిగా కలపండి. ఒకటిన్నర కప్పుల సోయా పాలలో ఒక స్పూన్ వెనిగర్ కలిపి విరగనిస్తే మజ్జిగ బదులు పనిచేస్తుంది. గుడ్డు బదులు రెండు స్పూన్ల అవిసె పొడి ఐదు స్పూన్ల నీళ్లలో. కాస్ట్ ఐరన్ పెనంలో రెండు స్పూన్ల నూనె వేసి 425 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్లో పెనాన్ని ముందు బాగా కాలనివ్వండి. పిండి పోయగానే చుర్రుమనాలి, అంచులు కరకరలాడేది అప్పుడే. ఇరవై నిమిషాలు దాటాక చూస్తూ ఉండండి. పంచదార వేయొద్దు, దక్షిణాది పాత ఇళ్లలో తీపి కార్న్‌బ్రెడ్‌ని కేకు కింద లెక్కేస్తారు.

చిలగడదుంపలు తొక్కతోనే 400 డిగ్రీల్లో గంట కాల్చితే వాటి తీపి వాటికే బయటికొస్తుంది. తొక్క తీసి, నారింజ రసం, దాల్చినచెక్క, జాజికాయ, గుప్పెడు పీకాన్ గింజలు. షుగర్ ఉన్నవాళ్లకి చిన్న ముక్క చాలు. పైన మార్ష్‌మాలోలు వేయడం చాలా ఇళ్లలో ఉంది. అవి మామూలుగా జిలాటిన్‌తో చేస్తారు, అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది, మీ ఇంట్లోకి రాకూడదు. అలాగే డబ్బా బీన్స్, కార్న్‌బ్రెడ్ మిక్స్ కొంటే లార్డ్ (పంది కొవ్వు) ఉందేమో చూడండి, వూస్టర్‌షైర్ సాస్‌లో సాధారణంగా ఆంకోవీ చేపలుంటాయి.

వేపుడు ఏదో ఒకటి ఉండాలనుకుంటే బెండకాయ ముక్కలు కార్న్‌మీల్‌లో దొర్లించి ఓవెన్లో కరకరలాడించండి. శాకాహార ఫ్రైడ్ చికెన్ జోలికి ఈసారి పోవద్దని నా సలహా. నకలు పక్కన అసలు గుర్తొస్తుంది, పోల్చి చూసుకుంటారు. మ్యాక్ అండ్ చీజ్ కూడా అంతే, చాలా కుటుంబాల్లో అది ఎవరి చేతి వంట అన్నది పెద్ద విషయం. వియ్యపురాలిని తెమ్మని అడగండి, సంతోషిస్తారు. టీ మాత్రం పంచదార లేకుండా చల్లగా చేసి, నిమ్మ ముక్కలు పక్కన పెట్టండి.

ఇంకో పని, ఈ వారమే వియ్యపురాలికి ఫోన్ చేసి వాళ్ల అమ్మగారు గ్రీన్స్ ఎలా వండేవారో అడగండి. వెనిగర్ ఎప్పుడు పోసేవారు, ఆవాకు, టర్నిప్ ఆకు కలిపేవారా, మిరపకాయల వెనిగర్ సీసా బల్ల మీద ఉండేదా అన్నది ఇంటింటికీ మారుతుంది. నేను రాసిన దానికీ ఆవిడ చెప్పిన దానికీ తేడా వస్తే ఆవిడ చెప్పినట్టే చేయండి.

థాంక్స్‌గివింగ్ గురువారం కాబట్టి, గ్రీన్స్, అలసందలు బుధవారం రాత్రే వండి ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు, మర్నాటికి రుచి పెరుగుతుంది. కార్న్‌బ్రెడ్ మాత్రం వాళ్లు చేతులు కడుక్కుంటుండగా ఓవెన్లోంచి తీయాలి.