అమెరికా అండా, ముప్పా? కువైట్‌లో నేను విన్న జవాబులు

ప్రశ్న: విదేశాల్లో మామూలు జనం అమెరికాను ప్రపంచ శాంతికి అండ అనుకుంటున్నారా, ముప్పు అనుకుంటున్నారా? సర్వేలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. ఏది నమ్మాలి?

పొంతన లేదని మీరంటున్నారు గానీ, నాకైతే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. జనం రెండూ అనుకుంటున్నారు. చాలాసార్లు ఒకే మనిషి రెండూ అనుకుంటాడు. 2023లో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా సర్వే సంస్థ 23 దేశాల్లో అడిగితే, అమెరికా ప్రపంచ శాంతికి, స్థిరత్వానికి తోడ్పడుతోందన్నవాళ్లు 61 శాతం (దేశాల అంకెలన్నీ వరుసలో పెడితే మధ్యలో వచ్చే అంకె ఇది). అదే సర్వేలో, అమెరికా ఇతర దేశాల వ్యవహారాల్లో వేలు పెడుతుందన్నవాళ్లు 82 శాతం. రెండు ప్రశ్నలకూ అవునన్నవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే లెక్కేసుకోండి.

నేను కడపవాణ్ణి. ఉమ్మడి కడప జిల్లాలో కువైట్ సంగతి తెలియని ఇల్లు తక్కువ. నేనూ చాలా ఏళ్లు అక్కడ ఉండి వచ్చాను. మొదట ఒక ఇంట్లో డ్రైవరుగా, తర్వాత ఒక గోడౌన్‌లో స్టోర్ కీపరుగా.

ఇంటి యజమానిని అక్కడ పనిచేసే మనవాళ్లు బాబా అంటారు. సాయంత్రమైతే ఆయన దివానియా నిండిపోయేది. మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే పెద్ద గది అది. గోడ పొడవునా మెత్తలు, మూలన ఇత్తడి కాఫీ కూజా. చిన్న కప్పులో రెండు గుక్కలే పోయాలి. తాగే మనిషి చాలని కప్పును అటూ ఇటూ ఊపేదాకా పోస్తూనే ఉండాలి. వంటవాడు లేని పూట ఆ పని నాదే కాబట్టి మాటలన్నీ చెవిన పడేవి.

బాబా వయసువాళ్లకు అమెరికా అంటే 1991 ఫిబ్రవరి. 1990 ఆగస్టు 2న ఇరాక్ పాలకుడు సద్దాం సైన్యం కువైట్ మీద వచ్చిపడింది. దాదాపు ఏడు నెలలు కదల్లేదు. పోతూ పోతూ 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. ఆ మంటలన్నీ ఆరేసరికి నవంబరు అయింది. అమెరికా ముందు నిలిచి నడిపిన సేనలు కువైట్‌ను విడిపించిన ఫిబ్రవరి 26 వాళ్లకు ఇప్పటికీ విమోచన దినం. యుద్ధం నాటి అమెరికా అధ్యక్షుడు పెద్ద బుష్ పదవి దిగిపోయాక 1993లో కువైట్ వస్తే గొప్పగా స్వాగతం పలికారు. "వాళ్లు రాకుంటే నాకీ ఇల్లు లేదు, నీకీ పని లేదు" అనేవాడు బాబా. ఆ మనిషే టీవీలో పాలస్తీనా వార్త వస్తే అమెరికాను నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ఒక పూటలోనే రెండూ అయిపోయేవి. ఆయనకు ఇందులో ఇబ్బందేమీ కనిపించలేదు, దివానియాలో మిగతావాళ్లకూ అంతే.

గోడౌన్‌లో అకౌంటెంటు జోర్డాన్ పాస్‌పోర్టు ఉన్న పాలస్తీనా మనిషి. యుద్ధంలో పాలస్తీనా నాయకుడు అరాఫత్ సద్దాం వైపు మొగ్గాడన్న కోపంతో, 1991 తర్వాత కువైట్‌లోని పాలస్తీనావాళ్లలో చాలామందికి అక్కడ చోటు లేకుండా పోయింది. ఇతని నాన్న కూడా అప్పుడు మూటాముల్లె సర్దుకుని పోయినవాడే. బాబాకు ఇల్లు తిరిగొచ్చిన యుద్ధంలోనే ఇతనికి ఇల్లు పోయింది. అమెరికా మాట ఎత్తితే సిగరెట్ పెట్టె అందుకుని బయటికి పోయేవాడు. ఒక్కసారి మాత్రం, "మీ కాగితాల్లో శాంతి అని రాసి ఉంటుంది, మా నాన్న కాగితాల్లో ఎగ్జిట్ అని ముద్ర కొట్టి ఉంది" అన్నాడు.

2003లో ఇరాక్ యుద్ధం అయిన వెంటనే ప్యూ చేసిన సర్వే చూస్తే ఈ ఇద్దరూ అంకెల్లో కనబడతారు. అమెరికా పట్ల సదభిప్రాయం కువైట్‌లో 63 శాతం, జోర్డాన్‌లో 1 శాతం. రెండూ అరబ్బు దేశాలే, రెండింటికీ ఇరాక్‌తో సరిహద్దు ఉంది, రెండు ప్రభుత్వాలూ అమెరికాతో సఖ్యంగా ఉండేవే. తమకు భయం ఎటువైపు నుంచి వచ్చిందన్నదే తేడా.

మా చిన్నాయనది ఇంకో లెక్క. 1990లో ఆయన కువైట్‌లోనే ఉన్నాడు. బస్సుల్లో ఇరాక్ దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కడి నుంచి ఎయిరిండియా విమానంలో వచ్చాడు. అప్పుడు మనవాళ్లను 1,70,000 మందికి పైగా అలా తీసుకొచ్చారు. తర్వాత ఐక్యరాజ్యసమితి నష్టపరిహారం ఇచ్చింది. ఒంటరి మనిషికి 2,500 డాలర్లో, 4,000 డాలర్లో. ఆ సొమ్ము ఇరాక్ చమురు అమ్మకాల్లోంచి తీసిందే. మా ఊళ్లో మాత్రం అమెరికా ఇప్పించిందనే చెప్పుకున్నారు. చిన్నాయన ఎవర్నీ మెచ్చుకోడు. "ఎవురు గెలిస్తే మనకేందిరా, ఆ పొద్దు బోర్డర్ తెరిచినోడే దేవుడు" అంటాడు. ఈ జవాబు రాసుకోవడానికి ఏ సర్వే ఫారంలోనూ గడి ఉండదు.

బాబా చిన్న కొడుకు యుద్ధం తర్వాత పుట్టినవాడు. గాజా యుద్ధం మొదలయ్యాక అమెరికా పేరున్న కాఫీ షాపు ముందు కారు కూడా ఆపనివ్వడట. ఇప్పుడా ఇంట్లో డ్రైవరుగా ఉన్న మా ఊరి పిల్లోడు చెప్పాడు. ఇలాంటి బహిష్కరణ దెబ్బ చివరికి ఎక్కడ తగిలిందో చూడండి. గల్ఫ్‌లో స్టార్‌బక్స్ నడిపేది అల్షాయా అనే కువైట్ కంపెనీ. 2024 మార్చిలో వాళ్లు 2,000 మందికి పైగా సిబ్బందిని తీసేశారు.

ఇక సర్వేల సంగతి. ముందు ప్రశ్న ఎలా అడిగారో చూడాలి. 2013 చివర్లో విన్-గాలప్ ఇంటర్నేషనల్ అనే సర్వేల సంస్థ 65 దేశాల్లో, ప్రపంచ శాంతికి అతి పెద్ద ముప్పు ఏ దేశం అని అడిగింది. అమెరికా 24 శాతంతో మొదట నిలిచింది, పాకిస్తాన్ 8 శాతంతో రెండోది. ఒక్క పేరే చెప్పమంటే అందరికీ తెలిసిన పెద్ద దేశమే నోటికి వస్తుంది. విచిత్రం ఏమిటంటే, అవకాశముంటే ఏ దేశంలో ఉంటారని అదే సర్వేలో అడిగితే అక్కడా మొదటి పేరు అమెరికాదే. 2025లో ప్యూ 25 దేశాల్లో మిత్రుడెవరు, ముప్పెవరు అని విడివిడిగా అడిగింది. కెనడావాళ్లు, మెక్సికోవాళ్లు ముప్పు జాబితాలో అమెరికాను ముందు పెట్టారు. కెనడావాళ్లు మిత్రుల జాబితాలోనూ దాన్నే ముందు పెట్టారు! జపాన్‌కు, ఇజ్రాయెల్‌కు మొదటి మిత్రుడు అమెరికానే. వాళ్ల ఇరుగుపొరుగు ఎవరో మీకు తెలుసు.

అధ్యక్షుడు మారితే అంకె కూడా మారుతుంది. ప్యూ లెక్కల్లోనే 2023లో బైడెన్ మీద నమ్మకం 54 శాతం, 2025లో ట్రంప్ మీద 34 శాతం. దేశం మీద అభిప్రాయం మాత్రం ఇంత జోరుగా మారదు.

మనవాళ్ల మాటకొస్తే, 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో మన యుద్ధం నడుస్తుండగా అమెరికా తన ఏడో నౌకాదళం ఓడలను బంగాళాఖాతంలోకి పంపిన సంగతి మా నాన్న వయసువాళ్లు ఇంకా మరచిపోలేదు. కొడుకులు టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు అది పాఠ్యపుస్తకం సంగతి. వాళ్ల టెన్షన్ అంతా 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తుకు పెట్టిన లక్ష డాలర్ల ఫీజు మీదే. కువైట్‌లో పిల్లలున్నవాళ్లు 2025 జూన్ 23 రాత్రి నిద్రపోలేదు. ఖతర్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేస్తే కువైట్ కూడా గగనతలం మూసేసింది.

కాబట్టి భారత్ అంకెలు చూసేటప్పుడు సర్వే ఏ నెలలో చేశారో తప్పకుండా చూడండి. పైన చెప్పిన 2025 సర్వేకు జనాన్ని అడిగింది ఆ ఏడాది మొదటి నెలల్లో. మన సరుకుల మీద అమెరికా 50 శాతం సుంకం పడింది ఆగస్టులో. ఆ సర్వేలో మనవాళ్లు చెప్పినవన్నీ దానికి ముందు మాటలు.